ఏసీ మెకానిక్‌లు హీట్ పంప్ పనిలోకి దిగాలంటే: గ్యాస్ మీకు తెలుసు, నీళ్లు నేర్చుకోండి

మార్చి నుంచి జూన్ దాకా ఫోన్ ఎత్తడానికి తీరిక ఉండదు, దసరా దాటితే షాపు తీసి కూర్చున్నా అడిగేవాళ్లు ఉండరు. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏసీ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే ఇది. సరిగ్గా ఆ ఖాళీ నెలల్లోనే హాస్టళ్లకూ లాడ్జీలకూ ఆసుపత్రులకూ వేడినీళ్లు కావాలి. ఆ నీళ్లు కాచే హీట్ పంప్‌లో ఉండేది మీ చేతికి బాగా అలవాటైన సరుకే: కంప్రెసర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, గాలి తగిలే కాయిల్, ఫ్యాన్. ఏసీ గదిలోని వేడిని తీసి బయట పారేస్తుంది, ఇది బయటి గాలిలోని వేడిని తీసి నీళ్లకిస్తుంది. కొత్తగా చేరేది నీళ్ల వైపు ఉండే హీట్ ఎక్స్‌చేంజర్, పంపు, ట్యాంకు. ఫెయిలయ్యే ఇన్‌స్టలేషన్లు చాలావరకు ఆ కొత్తగా చేరిన దగ్గరే ఫెయిలవుతాయి, గ్యాస్ (రిఫ్రిజిరెంట్) దగ్గర కాదు. అందుకే ఈ రాతలో గ్యాస్ గురించి కొంచెమే చెప్తాను, నీళ్ల గురించి, లెక్క గురించి ఎక్కువ చెప్తాను.

చలిదేశాల్లో ఇదే మెషీన్‌తో ఇళ్లను వెచ్చబెట్టుకుంటారు. నార్వేలో సగానికి పైగా ఇళ్లలో హీట్ పంప్ ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో గ్యాస్ బాయిలర్ తీసేసి ఇది పెట్టుకునేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2023 అక్టోబరులో 7,500 పౌండ్లకు పెంచారు. అక్కడ ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా బాయిలర్లు బిగించిన ప్లంబర్లు, వాళ్లకు పైపులు, రేడియేటర్లు, నీళ్ల ప్రవాహం కొట్టిన పిండి, రిఫ్రిజిరెంట్ అంటేనే కొత్త. అందుకే గ్యాస్ భాగమంతా కంపెనీలోనే సీల్ చేసి వచ్చే మోనోబ్లాక్ మెషీన్లు అక్కడ బాగా నడుస్తాయి, బయట రెండు నీళ్ల పైపులు కలిపితే సరిపోతుంది. మన దగ్గర సరిగ్గా దీనికి ఎదురు. మనకు గ్యాస్ వచ్చు, నీళ్లు రావు. కువైట్‌లో చిల్లర్ల (నీళ్లను చల్లబరిచి బిల్డింగ్ అంతా తిప్పే పెద్ద ఏసీ యంత్రాల) మీద పనిచేసి తిరిగొచ్చిన కడప, రాయచోటి వైపు అన్నలు మాత్రం దీనికి మినహాయింపు. చిల్డ్ వాటర్ లైన్లు, పంపులు, ఎయిర్ వెంట్‌లు వాళ్లు రోజూ చూసినవే కాబట్టి అలాంటివాళ్లెవరైనా తెలిసుంటే మొదటి పనికి పక్కన పెట్టుకోండి.

ఎవరికి అమ్మాలి, ఎవరికి వద్దనాలి

మన ఎండకు డాబా మీద చోటున్న సొంతిల్లు, నలుగురు మనుషులు, అలాంటి ఇంటికి సోలార్ వాటర్ హీటరే చాలు. హీట్ పంప్ అంటగట్టకండి. పనికొచ్చేది ఎక్కడంటే, డాబా హక్కు లేని అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు, అందరూ ఒకే గంటలో స్నానానికి దిగే హాస్టళ్లు, నర్సింగ్ హోమ్‌లు, మంత్రాలయం, పుట్టపర్తి లాంటి చోట్ల లాడ్జీలు. మంత్రాలయంలో తెల్లారకముందే గదులన్నీ ఒకేసారి కుళాయి తిప్పుతాయి, అదీ గురువారం అయితే ఇంకా ఎక్కువ. ఇలాంటి చోట గదికొక గీజర్ ఉంటే ఓనర్‌కు కరెంటు బిల్లు చూసినప్పుడల్లా బాధే, మీ మాట వినేది ఆయనే.

లెక్క

కాగితం మీద లెక్క వెయ్యకుండా మెషీన్ సైజు చెప్పకండి. ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే ఎన్ని యూనిట్ల వేడి కావాలో వస్తుంది.

యాభై మంది పిల్లలున్న హాస్టల్ అనుకోండి. బకెట్ స్నానమే. 20 లీటర్ల బకెట్‌లో నీళ్లు ఒంటికి హాయిగా ఉండాలంటే 41 డిగ్రీలు కావాలి, ట్యాంకులో నీళ్లు 50, చన్నీళ్లు 25 ఉంటే ఆ బకెట్‌లో 13 లీటర్లు వేడివి, మిగతావి చల్లవి పడతాయి. మనిషికి రెండు బకెట్లు, కాస్త పైపుల్లో పోయేది కలుపుకొని 30 లీటర్లు పెట్టుకుందాం. మొత్తం 1,500 లీటర్లు, 25 నుంచి 50కి, అంటే 25 డిగ్రీల పెంపు. 1,500 ఇంటూ 25 బై 860, దగ్గర దగ్గర 44 యూనిట్లు. గీజర్లయితే ఆ 44 యూనిట్లూ మీటర్‌లో తిరుగుతాయి, పైగా ట్యాంకు చల్లారే నష్టం వేరే. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడున్నర యూనిట్ల వేడి ఇస్తే (దీన్నే సీఓపీ 3.5 అంటారు) పన్నెండున్నర యూనిట్లతో పనైపోతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే రోజుకు దాదాపు 250 రూపాయలు మిగులు. ఓనర్ ముందు ఆయన సొంత బిల్లులోని రేటు పెట్టే ఈ లెక్క వెయ్యండి, మీ నోటి మాట కన్నా అదే నమ్మకం కలిగిస్తుంది. వేసవిలో వాడకం తగ్గిపోతుందని కూడా అక్కడే చెప్పండి. ఏడాది పొడుగునా రోజూ 250 మిగులుతుందని చెప్తే వచ్చే జూన్‌లో ఆయన మిమ్మల్ని నిలదీస్తాడు.

ఇక మెషీన్ సైజు. గంటకు 10 యూనిట్ల వేడి ఇచ్చేది, అంటే 10 కిలోవాట్ల హీటింగ్ కెపాసిటీ ఉన్నది పెడితే ఆ 1,500 లీటర్లకు నాలుగున్నర గంటలు పడుతుంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు: మెషీన్ మీద రాసిన కిలోవాట్ వేడిదా, కరెంటుదా? రెండూ రాసి ఉంటాయి, సైజుకు వేడిది చూడాలి, వైరుకు, ఎంసీబీకి (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్‌కు) కరెంటుది చూడాలి. ఆ వేడి అంకె కూడా ఏ గాలి ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చూసుకోండి, గాలి చల్లబడితే అదే మెషీన్ తక్కువ ఇస్తుంది. మీరు సైజు వెయ్యాల్సింది డిసెంబరు, జనవరి గాలికి. మే నెలకు కాదు, మేలో డాబా మీది ట్యాంకులో నీళ్లు ఎలాగూ సలసలా కాలుతుంటాయి.

ట్యాంకుకు ఇంకో లెక్క. వేడినీళ్లు పైనుంచి వాడుతుంటే కింద చన్నీళ్లు చేరతాయి, ఒక దశ దాటాక రెండూ కలిసిపోయి గోరువెచ్చగా వస్తుంది. అందుకే ట్యాంకులో ఐదో వంతు లెక్కలోంచి తీసేయాలి, 1,500 లీటర్లు నిజంగా కావాలంటే 2,000 లీటర్ల ట్యాంకు. లాడ్జీలకైతే సగటు రోజును కాకుండా అన్ని గదులూ నిండే రోజును పట్టుకుని వెయ్యండి.

ఎక్కడ పెట్టాలి

2,000 లీటర్ల ట్యాంకు నిండితే రెండు టన్నులు దాటుతుంది. దాన్ని శ్లాబు మధ్యలో దించేయకండి. దూలాలు, పిల్లర్లు ఎక్కడ వస్తున్నాయో చూసి వాటి మీద బరువు పడేలా ఐరన్ స్టాండ్ చేయించాలి, పాత బిల్డింగ్ అయితే ఇంజనీర్‌కు చూపించకుండా ముట్టుకోవద్దు.

మెషీన్‌కు గాలి ఆడాలి. వదిలిన చల్లగాలి తిరిగి అదే కాయిల్‌లోకి వస్తే సీఓపీ పడిపోతుంది, కాబట్టి మూడు వైపులా గోడలున్న మూలలో పెట్టకండి. పైన రేకు నీడ ఉంటే మంచిది, కానీ ఫ్యాన్ గాలికి అడ్డం రానంత ఎత్తులో. మన దగ్గర వేసవిలో 43, 44 డిగ్రీలు మామూలే, మెషీన్ ఎంత వేడి గాలి దాకా నడుస్తుందో కొనేముందే దాని పుస్తకంలో చూసుకోవాలి. కొన్ని 43 దగ్గరే ఆగిపోతాయి. అదే పుస్తకంలో మంచు పట్టడం, డీఫ్రాస్ట్, యాంటీఫ్రీజ్ అని పేజీలకు పేజీలు ఉంటాయి, అవి చలిదేశాల కోసం, మన తెల్లవారుజాము చలికి వాటితో పనిపడదు. మెషీన్ వదిలే చల్లగాలిని డక్ట్ వేసి హాస్టల్ వంటగదిలోకి మళ్లిస్తే వంటవాళ్లు సంతోషిస్తారు, చిన్న ఖర్చే. ఇంకొకటి, కింద పడకగది ఉంటే రబ్బర్ ప్యాడ్‌లు లేకుండా బిగించకండి.

నీళ్లు: అసలు పని ఇదే

తుంగభద్ర నీళ్లు వాడే కర్నూలులో ఒక తీరు, బోరు మీద బతికే అనంతపురం కాలనీల్లో ఇంకో తీరు. గీజర్ ఎలిమెంట్ విప్పి చూసినవాళ్లకు తెలుసు, తెల్లగా సున్నం గట్టిగా పట్టి ఉంటుంది. హీట్ పంప్‌లో ఆ సున్నం ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ సందుల్లో పడుతుంది, ఆ సందులు చాలా సన్నవి. పొర పెరిగే కొద్దీ గ్యాస్ నుంచి నీళ్లకు వేడి దిగదు, హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ బయటికి తోసే గ్యాస్ ఒత్తిడి) పెరుగుతుంది, హై ప్రెషర్ ట్రిప్ వస్తుంది, అంటే మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి గ్యాస్ ఎక్కువైందని కొంచెం వదులుతాడు, వారానికి మళ్లీ ట్రిప్. ఇది నేను చాలా చోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ కడుపు మండుతుంది, ఎందుకంటే తప్పు గ్యాస్‌లో లేదు. హై ప్రెషర్ ట్రిప్ వస్తే ముందు గేజ్ పెట్టకండి, ముందు నీళ్ల ప్రవాహం, స్ట్రైనర్ (చెత్త పట్టే జాలి), సున్నం చూడండి.

కొటేషన్ ఇవ్వకముందే నీళ్ల హార్డ్‌నెస్ కొలవండి. చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి సరిపెట్టేస్తారు, అది మొత్తం కరిగిన ఉప్పులు చెప్తుంది కానీ అందులో సున్నం కట్టేది ఎంతో చెప్పదు. చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే హార్డ్‌నెస్ కిట్ తక్కువ ధరకే దొరుకుతుంది, టూల్ బ్యాగులో ఒకటి పడేసుకోండి. బాగా గట్టి నీళ్లయితే సాఫ్ట్‌నర్ కొటేషన్‌లోనే రాయండి. ఓనర్ వద్దంటే, ఏటా ఎన్నిసార్లు శుభ్రం చెయ్యాల్సొస్తుందో దాని ఖర్చెంతో అదే కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి.

సున్నం వేడితో పెరుగుతుంది, 60 దాటితే బాగా వేగంగా. అందుకే సెట్టింగ్ 50 నుంచి 55 మధ్య ఉంచండి. దీనివల్ల కరెంటు కూడా కలిసొస్తుంది, నీళ్ల ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గించినప్పుడు సుమారు రెండు నుంచి మూడు శాతం కరెంటు తగ్గుతుంది. 'కాలిపోయేలా ఉండాలి' అని 65 పెట్టమనే ఓనర్లు ఉంటారు, బకెట్ లెక్క చెప్పి ఒప్పించండి. ఒక్క విషయంలో మాత్రం ఎక్కువ వేడి తప్పదు. పెద్ద ట్యాంకుల్లో గోరువెచ్చటి నీళ్లు నిలవుంటే లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరిగి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది, కాబట్టి వారానికొకసారి ట్యాంకు మొత్తాన్ని 60 దాటించే ప్రోగ్రామ్ ఆన్‌లో ఉంచాలి. ఆసుపత్రి, వృద్ధాశ్రమం అయితే దీన్ని అస్సలు ఆపెయ్యకండి.

ప్రవాహం. హీట్ ఎక్స్‌చేంజర్‌లోకి వెళ్లే నీళ్లకూ వచ్చే నీళ్లకూ మధ్య సుమారు 5 డిగ్రీల తేడా ఉండేలా పంపు ఎంచుకోవాలి, కంపెనీ వేరే అంకె ఇస్తే అదే వాడండి. 5 డిగ్రీలకు 10 కిలోవాట్ల మెషీన్‌కు నిమిషానికి దాదాపు 29 లీటర్లు కావాలి. పంపు చిన్నదైనా, పైపు సన్నగా ఉన్నా, లైన్‌లో ఎత్తైన చోట గాలి చిక్కుకున్నా ఇది పడిపోతుంది. ప్రతి ఎత్తైన వంపు దగ్గరా ఎయిర్ వెంట్ పెట్టండి. పంపుకు ముందు వై స్ట్రైనర్, ఆ స్ట్రైనర్‌కు రెండు వైపులా బాల్ వాల్వ్‌లు, లేకపోతే దాన్ని కడగడానికి ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యాలి. హీట్ ఎక్స్‌చేంజర్‌కు ఇరువైపులా కూడా వాల్వ్‌లు, వాటి పక్కనే చిన్న టీ కనెక్షన్లు వదిలిపెట్టండి, రేపు సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు తిప్పి సున్నం కరిగించడానికి దారి ఉండాలి. ఈ రెండు టీలకు అయ్యే ఖర్చు చాలా తక్కువ, ఇవి లేక మెషీన్ మొత్తం విప్పాల్సొస్తే ఒక రోజు పని పోతుంది.

ట్యాంకులోకి చన్నీళ్లు కిందినుంచి, వేడినీళ్లు పైనుంచి బయటికి. మెషీన్‌కు వెళ్లే లైన్ కింది నుంచే తియ్యాలి. ప్లంబర్‌కు వదిలేసి వెళ్తే ఇవి తారుమారు కావడం మామూలే, దగ్గరుండి చూసుకోండి. చన్నీళ్ల లైన్‌లో నాన్ రిటర్న్ వాల్వ్, దాని తర్వాత ట్యాంకు వైపు సేఫ్టీ వాల్వ్, ఆ సేఫ్టీ వాల్వ్‌కూ ట్యాంకుకూ మధ్య ఇంకే వాల్వూ ఉండకూడదు. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి, ఆ పెరిగిన నీళ్లకు దారి లేకపోతే ట్యాంకే పగులుతుంది. సేఫ్టీ వాల్వ్ డ్రెయిన్ పైపు మనుషులు నడిచే చోటికి రాకుండా కిందికి వంచండి.

వేడినీళ్ల లైన్‌కు యూపీవీసీ వాడితే మెత్తబడి జాయింట్లు ఊడతాయి, సీపీవీసీ గానీ కాంపోజిట్ పైపు గానీ వాడాలి. పైపంతా ఇన్సులేషన్, డాబా మీద ఉన్న భాగానికి పైన ఎండకు తట్టుకునే చుట్టు కూడా, లేకపోతే మన ఎండకు ఫోమ్ త్వరగానే పొడిపొడిగా రాలిపోతుంది. ట్యాంకు విషయంలో, బోరు నీళ్లలో క్లోరైడ్ ఎక్కువుంటే మామూలు 304 స్టీల్ వెల్డింగ్‌ల దగ్గర తినేస్తుంది, 316 స్టీల్ గానీ గ్లాస్ లైనింగ్ ట్యాంకు గానీ అడగండి. గ్లాస్ లైనింగ్‌లో మెగ్నీషియం యానోడ్ రాడ్ ఉంటుంది, ట్యాంకుకు బదులు అది కరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పి చూడాలి, సాఫ్ట్‌నర్ నీళ్లలో ఇంకా తొందరగా అరుగుతుంది.

కరెంటు, టైమర్

మెషీన్‌కు సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. నీళ్లూ కరెంటూ ఒకే చోట ఉన్న పని ఇది, ఎర్తింగ్ కొలవకుండా ఆన్ చెయ్యొద్దు. త్రీ ఫేజ్ అయితే ఒక ఫేజ్ పోయినప్పుడు ఆపేసే రిలే తప్పనిసరి. బ్యాకప్ హీటర్ ఉంటే అది ఎప్పుడు ఆన్ అవుతుందో ఒకటికి రెండుసార్లు చూడండి, బ్యాకప్ హీటర్ రోజంతా చాటుగా నడుస్తూ ఉంటే మీరు వేసిన పొదుపు లెక్కంతా పోయి ఓనర్ మిమ్మల్ని మోసగాడనుకుంటాడు.

టైమర్ మాత్రం ఊరికే వదిలేయకండి. నీళ్లు కావాల్సింది తెల్లవారుజామున కదా అని మెషీన్‌ను రాత్రి మూడింటికి నడిపిస్తారు, అప్పుడు గాలి అన్నిటికన్నా చల్లగా ఉంటుంది, సీఓపీ అన్నిటికన్నా తక్కువ. పగలు పదకొండు నుంచి నాలుగు మధ్య నడిపించండి. గాలి వెచ్చగా ఉంటుంది, డాబా మీద సోలార్ ప్యానెల్స్ ఉంటే ఆ కరెంటుతోనే నీళ్లు కాగిపోతాయి. మంచి ఇన్సులేషన్ ఉన్న పెద్ద ట్యాంకు తెల్లారేసరికి కొద్ది డిగ్రీలే చల్లారుతుంది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీతో ప్యానెల్స్ పెట్టించుకున్న ఇళ్లు మన జిల్లాల్లో కనిపిస్తూనే ఉన్నాయి, అలాంటి పెద్ద కుటుంబాలకు అమ్మేటప్పుడు ఈ మాట ముందు చెప్పండి.

గ్యాస్ గురించి కొంచెం

స్ప్లిట్ మోడల్ (గ్యాస్ పైపులు మనమే కలపాల్సినది) అయితే మీరు చేసేదే, కానీ శ్రద్ధగా. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపులో నైట్రోజన్ పారుతూ ఉండాలి, తర్వాత నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్, తర్వాత వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ ఎంత లోతుగా ఉందో చెప్పే కొలత) కిందికి. పంపు పది నిమిషాలు తిప్పి గేజ్ సూది చూసి సరే అనుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు, మైక్రాన్ గేజ్ కొనుక్కోండి. ఈ మెషీన్ కంప్రెసర్ ఏసీ కన్నా ఎక్కువ వేడి మీద నడుస్తుంది, ఆయిల్‌లో తేమ ఉంటే అది తొందరగా చెడిపోతుంది. ఛార్జింగ్ త్రాసు మీద తూకం వేసే చెయ్యాలి, చేత్తో పైపు పట్టుకుని చూసి కాదు.

భూమిని వేడెక్కించే గ్యాసులను తగ్గించాలని దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం ప్రకారం మన దేశంలో హెచ్‌ఎఫ్‌సీ గ్యాసుల (ఆర్410ఏ, ఆర్32 లాంటివి) వాడకం 2028 నుంచి ఇక పెరగకూడదు, 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. ఆర్410ఏ గ్లోబల్ వార్మింగ్ అంకె (కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్ని రెట్లు భూమిని వేడెక్కిస్తుందో చెప్పేది) 2,088, ఆర్32ది 675, ఆర్290 అంటే ప్రొపేన్, దానిది దాదాపు 3. యూరప్‌లో కొత్త మోడళ్లు ప్రొపేన్ వైపు గట్టిగా నడుస్తున్నాయి, ఇక్కడికీ వస్తాయి. ప్రొపేన్ మండే గ్యాస్, గాలిలో రెండు శాతం దాటితే చాలు అంటుకుంటుంది, గాలి కన్నా బరువు కాబట్టి కిందికి దిగి డ్రెయిన్‌లో, గుంటలో నిలుస్తుంది. అలాంటి మెషీన్‌ను డ్రెయిన్ మూత పక్కన, బేస్‌మెంట్‌లో పెట్టకండి. దానికి తగిన రికవరీ మెషీన్, లీక్ డిటెక్టర్, ట్రైనింగ్ లేకుండా సీల్ విప్పకండి, ఎవరెంత డబ్బిస్తామన్నా సరే.

ఇచ్చి వచ్చేముందు

ఆన్ చేసి చెయ్యి తడిపి 'వేడొచ్చింది సార్' అని రావొద్దు. అరగంట నడిచాక నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయో, లోపలికి, బయటికి నీళ్ల డిగ్రీలెంతో కొలవండి. లీటర్లను తేడా డిగ్రీలతో గుణించి 0.07తో గుణిస్తే ఎన్ని కిలోవాట్ల వేడి వస్తోందో తెలుస్తుంది. 29 లీటర్లు, 5 డిగ్రీలు అంటే 10 కిలోవాట్లు. దాన్ని ఎనర్జీ మీటర్ చూపించే కిలోవాట్లతో భాగిస్తే అప్పటి సీఓపీ. గాలి ఎన్ని డిగ్రీలుందో, నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో, తేదీ, కరెంటు ఆంపియర్లు, ప్రెషర్లు, నీళ్ల హార్డ్‌నెస్, అన్నీ ఒక కాగితం మీద రాసి లామినేట్ చేసి మెషీన్ తలుపు లోపల అతికించండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత కంప్లైంట్ వస్తే ఆ కాగితం పక్కన కొత్త అంకెలు పెట్టి చూస్తే చాలు. ప్రవాహం అంతే ఉండి ప్రెషర్ పెరిగితే సున్నం, ప్రవాహమే తగ్గితే స్ట్రైనర్ గానీ గాలి గానీ పంపు గానీ. రెండూ బాగుండి వేడి తగ్గితే అప్పుడు కాయిల్ దుమ్ము చూసి, ఆ తర్వాత గ్యాస్ చూడండి.

ఏఎంసీ (ఏడాది పాటు సర్వీసు చేసే ఒప్పందం) మొదటి రోజే మాట్లాడుకోండి. సంవత్సరానికి రెండుసార్లు, ఒకటి అక్టోబరులో సీజన్‌కు ముందు, ఇంకొకటి ఎండలు మొదలయ్యే ముందు ఫిబ్రవరిలో, అప్పటికి మీకూ ఏసీల ఒత్తిడి మొదలై ఉండదు. స్ట్రైనర్ కడగడం, కాయిల్ దుమ్ము, సేఫ్టీ వాల్వ్ ఒకసారి ఎత్తి చూడటం, యానోడ్, ఎర్తింగ్, నీళ్లను బట్టి సిట్రిక్ యాసిడ్ వాష్. రేటు చెప్పేటప్పుడు యాసిడ్ వాష్‌ను విడిగా రాయండి, బోరు నీళ్ల ఇంటికీ నది నీళ్ల ఇంటికీ ఒకే రేటు వేస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది, చాలాసార్లు ఆ ఒకరు మీరే అవుతారు.